మూగక్క నోరు

కొట్టుకు సీలు వెయ్యడానికి వచ్చిన లైసెన్సు ఇన్‌స్పెక్టరు తాళం తెచ్చాడు, తెల్లగుడ్డ తెచ్చాడు, పురికొస తెచ్చాడు, లక్కముక్క తెచ్చాడు, మునిసిపాలిటీ ముద్ర కూడా సంచిలో పెట్టి తెచ్చాడు. ఆ లక్క కరగడానికి నిప్పు కావాలన్న సంగతి మాత్రం మరిచిపోయాడు. వెంట వచ్చిన బంట్రోతు జేబులు తడుముకుని పెదవి విరిచాడు.

"అక్కా, అగ్గిపెట్టె ఉందా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, అలవాటు కొద్దీ.

మూగక్క కూడా అలవాటు కొద్దీ ఇచ్చింది. ఎవరు అగ్గిపెట్టె అడిగినా ఆమె చెయ్యి ఆమెను అడక్కుండానే బల్ల కింది అరలోకి పోతుంది. తీరా ఇచ్చాక గానీ ఎందుకిచ్చిందో తట్టలేదు. తన గొయ్యి తవ్వేవాడికి తానే గునపం అందించినట్టయింది.

బంట్రోతు రేకు తలుపు కిందికి లాగాడు. తాళం పడింది. తాళానికి గుడ్డ చుట్టి, పురికొసతో బిగించి, ముడి మీద లక్క కరిగించి పోశారు. అది ఎర్రగా, చిక్కగా జారుతూ తలుపు అంచున రెండు చుక్కలై పడింది. ఇన్‌స్పెక్టరు ముద్రను లక్క మీద ఆనించి, బొటనవేలితో గట్టిగా అదిమాడు. వీధిలో నలుగురూ పోగయ్యారు. మెడలో టేపు వేసుకున్న దర్జీ సగం కుట్టిన చొక్కాతో సహా వచ్చి నిలబడ్డాడు. సంగీతం మాస్టారు గొడుగు మూసి, మళ్లీ తెరిచి, మళ్లీ మూశారు. ఒక్కరూ నోరెత్తలేదు.

"విడి సిగరెట్లు అమ్మకూడదని మునిసిపాలిటీ తీర్మానం చేసింది. నిండు పెట్టెలే అమ్మాలి," అని ఇన్‌స్పెక్టరు అందరికీ వినపడేలా చెప్పాడు. "ఇక్కడ యథేచ్ఛగా విడిగా అమ్ముతున్నారు. ఇదిగో రుజువు, విప్పిన పెట్టె." అని ఒక పెట్టె పైకెత్తి చూపించాడు. సన్నగా, పొడుగ్గా ఉండే పుదీనా సిగరెట్లవి.

మూగక్క ఆ పెట్టె వంక చూసింది. పెట్టె పట్టుకున్న చేతి వంక చూసింది. ఆ వీధి మొత్తమ్మీద ఆ రకం తాగే మనిషి ఒక్కడే. ఆ పెట్టె పైకెత్తి చూపిస్తున్నది ఆ మనిషే.

రోజూ సాయంత్రం ఆఫీసు వదిలాక, అతను కొట్టు ముందు నుంచి రాడు. పక్కసందులో ఉన్న చిన్న కిటికీ దగ్గరకు వచ్చి గోటితో తడతాడు. గుండెకు ఆపరేషన్ అయ్యాక, లోకానికి సిగరెట్ మానేసిన మనిషి అతను. జేబులో పెట్టె ఉంటే పెళ్లానికి దొరుకుతుందని ఒక్కటంటే ఒక్కటే అడుగుతాడు. మూగక్క పెట్టె విప్పి ఒకటి తీసి ఇస్తుంది. దాంతోపాటు చిన్న కాగితం పొట్లంలో రెండు లవంగాలు కూడా ఇస్తుంది. అతను గోడ నీడన నిలబడి తాగి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, లవంగాలు నములుతూ మంచి భర్తలా ఇంటికి పోతాడు.

ఆమెకు మూగక్క అని పేరుందని మాటలు రావనుకునేరు. వానల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి, పోయిన కరెంటు గురించి మొదలుపెట్టిందంటే కొట్టు ముందు నిలబడ్డవాడు తాను కొన్నది మరిచిపోయి వెళ్లాల్సిందే. కానీ ఎవరు ఏం కొంటారన్నది ఆ నోట్లోంచి ఒక్కనాడూ రాలేదు. ఆ కొట్టు పద్ధతి అది. మగవాడు ఒంటరిగా వస్తే అడక్కుండానే వాడి రకం బల్ల మీదకొస్తుంది. అదే మనిషి పెళ్లాంతోనో తండ్రితోనో వస్తే, "ఏం కావాలండీ?" అని కొత్తవాణ్ని అడిగినట్టు అడుగుతుంది. పక్కసందు కిటికీ దగ్గరకు వచ్చిన మనిషిని రేపు ఎదురుగా చూసినా గుర్తు పట్టదు. కొట్టు పెట్టిన అత్తగారు నేర్పిన మర్యాద అది. కొట్టు వెనక గదిలో మంచం పట్టిన ఆ ముసలావిడ కూడా, కిటికీ చప్పుడు ఎన్నిసార్లు విన్నా, "ఎవరే వచ్చింది?" అని కోడల్ని ఏనాడూ అడగలేదు.

నోటీసు కాగితం చేతికిస్తూ ఇన్‌స్పెక్టరు దగ్గరగా వంగాడు.

"ఏమనుకోకక్కా. పైనుంచి ఒత్తిడి. వార్డుకొక కొట్టు మూసి చూపించాలని కమిషనరుగారు పట్టుబట్టారు. మూల మీద పెద్ద కొట్టు జోలికెళితే వెంటనే ఫోన్లొస్తాయి. ఇంకెవడి కొట్టు మూసినా ఏ పెద్దమనిషి కోసం పెట్టె విప్పాడో అక్కడే అరిచి చెప్పేవాడు. నువ్వైతే..." అని నవ్వాడు. "నువ్వు నోరు విప్పవు కదా."

మెచ్చుకుంటున్నట్టే అన్నాడు ఆ మాట. సీలు వేసినప్పుడు ఆమెకు దుఃఖం వచ్చింది. నోటీసు అందుకున్నప్పుడు భయం వేసింది. ఈ మాట విన్నాక మాత్రం దుఃఖమూ పోయింది, భయమూ పోయింది. ఒళ్లంతా భగ్గున మండింది. ఆమె మర్యాదను చూసి ఆమె నెత్తిన చెయ్యి పెట్టాడు వీడు!

ఇన్‌స్పెక్టరు అగ్గిపెట్టె జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

*

"ఒప్పేసుకో," అంది అత్తగారు, పడుకున్నచోటు నుంచే. "తప్పయిందని రాసిస్తే తెరుస్తారంటున్నావుగా. తల వంచితే పోయేదేముంది? తల ఎక్కడికీ పోదు."

మూగక్క ఉల్లిపాయలు తరుగుతోంది. తరగడం కాదు, నరుకుతోంది. ఇద్దరి వంటకు ఒక ఉల్లిపాయ చాలు. కానీ పళ్లెం నిండిపోయింది.

"అది కాదత్తా. ఆ పెట్టె ఎవడి కోసం విప్పానో వాడే వచ్చి..."

"ఆగు!" ముసలావిడ రెండు చెవులూ మూసుకుంది. "ఎవడి కోసం విప్పావో నా చెవిన వెయ్యకు."

"ఇంట్లో మన ఇద్దరమే ఉన్నాం కదత్తా!"

"ఇద్దరుంటే ఒకరు ఎక్కువే."

మూగక్క కత్తి పక్కన పెట్టి కళ్లు తుడుచుకుంది. ఉల్లిపాయల వల్లేనని తనకు తాను చెప్పుకుంది. అత్తగారి మందులూ, ఇంటి అద్దె, పొయ్యి మీది గిన్నె, అన్నీ ఆ రేకు తలుపు తెరుచుకుంటేనే. అది ఆమెకు తెలియక కాదు. కానీ ఆ మధ్యాహ్నమంతా ఆమె ఆలోచించింది తలుపు గురించి కాదు, వాడి గురించే. లవంగాల బదులు మిరియాలు పొట్లం కట్టి ఇచ్చినట్టు ఊహించుకుంది. కిటికీలోంచి చెయ్యి పెట్టినప్పుడు తలుపు వేసి వేళ్లు నలిపేసినట్టు ఊహించుకుంది. కుళాయి దగ్గర వంగినప్పుడు వెనక నుంచి ఒక తోపు తోసినట్టు ఊహించుకుంది. ఏదీ చాలినట్టు అనిపించలేదు. వేళ్లు మానతాయి, బట్టలు ఆరతాయి. మానని దెబ్బ ఏదో ఉండాలి, అది తన దగ్గరే ఉండాలి, అనిపించింది.

*

మర్నాడు మునిసిపల్ ఆఫీసు బల్ల మీద చాలాసేపు కూర్చోబెట్టారు. బల్లకు ఒక కాలు పొట్టి. ఎవరు లేచినా మిగిలినవాళ్లు ఒక పక్కకు ఒరిగేవారు. పిలుపు వచ్చేసరికి ఆమె నడుము పట్టేసింది.

ఇన్‌స్పెక్టరు బల్ల మీది అద్దం కింద కూతురి ఫోటో ఉంది. పదేళ్ల పిల్ల, ముందు పళ్లు కొంచెం ఎత్తు, బహుమతి కప్పు పట్టుకుని నవ్వుతోంది. దాని పక్కనే ఆ పిల్ల రంగు పెన్సిళ్లతో గీసిన ఎర్రటి గుండె బొమ్మ.

"ఇక్కడ సంతకం పెట్టు చాలు, మిగతాది నేను చూసుకుంటా," అని ఒక కాగితం ముందుకు జరిపాడు.

"ఏముంది బాబూ ఇందులో?"

"ఏముంటుంది? విడి సిగరెట్లు అమ్మాను, తప్పయింది, మళ్లీ అమ్మను. అంతే."

"ఎవరికి అమ్మానని రాశారు?"

ఇన్‌స్పెక్టరు కాగితం తనవైపు తిప్పుకుని చదివాడు. "'గుర్తు తెలియని వ్యక్తులకు.'" చదివి కన్ను గీటాడు. "నీకు ఎవరూ గుర్తుండరుగా మరి!"

పక్క బల్ల గుమాస్తా కూడా నవ్వాడు, ఎందుకో తెలియకుండానే. మూగక్క కూడా నవ్వింది. ఆ నవ్వు ముఖం మీద పెట్టుకోవడానికి ఆమెకు ఎంత కష్టమైందో ఆ అద్దం కింది పిల్లకు తప్ప ఎవరికీ కనపడి ఉండదు.

"కళ్లజోడు తేలేదు బాబూ. శనివారం పెడతాను సంతకం."

"శనివారం ఆఫీసు ఉండదక్కా. బడిలో మీటింగుంది, పొగాకు వద్దని. కమిషనరుగారు వస్తున్నారు." అతని గొంతు కొంచెం మెత్తబడింది. "మా పాప మాట్లాడుతోంది. తనే రాసుకుంది మొత్తం. ఒక పని చెయ్యి, నువ్వూ అక్కడికే రా. బుద్ధి తెచ్చుకున్నట్టు నలుగురిలో కనపడ్డావనుకో, కమిషనరుగారు ఇట్టే కరిగిపోతారు. సోమవారానికల్లా కొట్టు తెరిపిస్తాను."

"వస్తాను బాబూ," అంది మూగక్క. "తప్పకుండా వస్తాను."

పిలిచి పీట వెయ్యడమంటే ఇదే అనుకుంటూ మెట్లు దిగింది. వెళ్లేటప్పుడు మోకాళ్లు నొప్పి పెట్టాయి గానీ వచ్చేటప్పుడు పెట్టలేదు.

*

ఆ రెండు రోజుల్లోనూ వీధి మగవాళ్లు ఒక్కొక్కరే పెరటి గుమ్మం దగ్గరకు వచ్చి గోడు వెళ్లబోసుకున్నారు. అందరూ మూల మీది పెద్ద కొట్టులో చచ్చినట్టు కొనుక్కుంటున్నారు. అక్కడ గల్లా దగ్గర కూర్చునే కుర్రాడికి గొంతెక్కువ, సిగ్గు తక్కువ.

"నా వెనకాలే నా శిష్యురాలి తల్లి నిలబడి ఉంది," అన్నారు సంగీతం మాస్టారు, జరిగింది తలుచుకుని మళ్లీ చెమట తుడుచుకుంటూ. "'నల్లపెట్టె కదా సార్ మీది?' అని వాడు కొట్టు దద్దరిల్లేలా అరిచాడు. నేను కొబ్బరినూనె కొనుక్కుని వచ్చేశాను."

"నూనె నాకు పడేసి వెళ్లండి మాస్టారూ, మా కుట్టుమిషను కీచుమంటోంది," అన్నాడు దర్జీ.

అందరం కలిసి కమిషనరుకు అర్జీ పెడదామన్న ఆలోచన దర్జీదే. కాగితం తెచ్చాడు, కలం తెచ్చాడు, 'ఈమె కొట్టు మాకు ఎంతో అవసరం' అని అందంగా రాశాడు కూడా. తీరా సంతకాల దగ్గరకొచ్చేసరికి కలం చేతులు మారింది గానీ కాగితం మీద వాలలేదు. సంతకం పెడితే నేను తాగుతానని పెళ్లానికి రాసిచ్చినట్టే కదా అన్నాడొకడు. ముందు మీరు, ముందు మీరు అనుకున్నారు. చివరికి దర్జీ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, చొక్కా కాలరు కొలత దాని మీద రాసుకున్నాడు.

"నువ్వేం అనుకోకమ్మా," అన్నారు మాస్టారు వెళ్లబోతూ. "నీలాంటి మనిషి ఇంకొకరు లేరు. మా ఇంట్లో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు. నీ నోట్లో కొండలు నానతాయి."

ఆ మాట ఇదివరకైతే ఆమె కడుపు నింపేది. ఇప్పుడు మాత్రం, అందరూ కలిసి తన నోటిని మంచి పీట అనుకుని దాని మీదెక్కి కూర్చున్నారనిపించింది.

శనివారం పొద్దున స్నానం చేసి, తల దువ్వుకుని, అత్తగారి మంచం కిందున్న అట్టపెట్టె లాగింది. కొట్టులో పట్టని సరుకు అందులో ఉంటుంది. ఆ సన్న సిగరెట్లు ఇంకెవరూ కొనరు కాబట్టి, చెప్పి తెప్పించినవి అక్కడే దాచేది. జిలుగు కాగితం చిరగని కొత్త పెట్టె ఒకటి తీసింది. వంటింట్లోకి వెళ్లి రెండు లవంగాలు పొట్లం కట్టింది. చెయ్యి తిరిగిన పని, పొట్లం ముచ్చటగా వచ్చింది.

"ఏం తీశావే?" అంది అత్తగారు కళ్లు మూసుకునే.

"ఒక పెట్టె."

"కొట్టు మూసి ఉండగా అమ్మకమా?"

"అమ్మడానికి కాదు. ఇవ్వడానికి."

ముసలావిడ కళ్లు తెరిచి కోడలి ముఖం చూసింది.

"ఇస్తే కిటికీలోంచి ఇవ్వు," అంది. "గుమ్మంలోంచి ఇవ్వకు."

మూగక్క పెట్టె సంచిలో వేసుకుంది.

*

బడి హాల్లో పంకాలన్నీ తిరుగుతున్నాయి గానీ గాలి మాత్రం వేదిక మీదివాళ్లకే తగులుతోంది. కమిషనరు మధ్యలో కూర్చుంది, సన్నటి మనిషి, చేతి గడియారం తరచూ చూసుకునే అలవాటు. ఆమె పక్కన ఇస్త్రీ చొక్కాలో ఇన్‌స్పెక్టరు. ముందు వరసలో అతని భార్య. దర్జీ, మాస్టారు, మాస్టారి భార్య, వీధిలో సగం మంది, అందరూ వచ్చారు. పొగాకు వద్దనే మీటింగుకు రాకపోతే అనుమానాలొస్తాయని కొందరు మరీ ముందే వచ్చి కూర్చున్నారు.

పిల్ల మైకు దగ్గరకొచ్చింది. మైకు ఎత్తుగా ఉంటే తండ్రే లేచి వంచి పెట్టాడు.

"మా నాన్నకి గుండె ఆపరేషన్ అయింది," అని మొదలుపెట్టింది, కాగితం చూడకుండా. "డాక్టరుగారు సిగరెట్ తాగితే చచ్చిపోతావని చెప్పారు. నేను చాలా ఏడ్చాను. మా నాన్న నా మీద ఒట్టు పెట్టుకున్నాడు. అప్పట్నుంచి ఒక్కటి కూడా ముట్టుకోలేదు. ఎలా మానేశావు నాన్నా అని అడిగితే, తాగాలనిపించినప్పుడల్లా నువ్వే గుర్తొస్తావమ్మా అన్నాడు. మీరు కూడా మీ పిల్లల్ని గుర్తు తెచ్చుకోండి."

హాలంతా చప్పట్లు. తల్లి కళ్లు ఒత్తుకుంది. మూగక్క చేతులు కూడా దగ్గరకు వచ్చాయి. ఆ ఎత్తుపళ్ల పిల్ల ఏం పాపం చేసింది, లేచి వెళ్లిపోదామా అని ఒక్క క్షణం అనిపించింది. నిజంగానే సంచి సర్దుకుంది కూడా.

అంతలో ఇన్‌స్పెక్టరు మైకు అందుకున్నాడు.

"మన వార్డులో విడి సిగరెట్లు అమ్మి పసిపిల్లల బతుకులు పాడు చేస్తున్న ఒక కొట్టును ఈ వారమే మూయించాం. ఆ కొట్టు ఆవిడ ఇక్కడే ఉంది. తప్పు తెలుసుకుని వచ్చింది. ఒకసారి లేచి నిలబడక్కా, అందరూ చూస్తారు."

పసిపిల్లల బతుకులు! ఆ కొట్టులో పిల్లలకు బిస్కెట్టు తప్ప ఏదీ చేతికియ్యలేదు ఆమె. లేచి నిలబడింది. నిలబడ్డ మనిషి అక్కడే ఆగలేదు. వరసల మధ్య నుంచి నడిచి, మెట్లెక్కి, వేదిక మీద పూల గ్లాసు పక్కన, సంచిలోంచి తీసిన పెట్టె పెట్టింది. దాని పక్కన పొట్లం పెట్టింది.

"విడిగా అమ్మకూడదన్నారుగా బాబూ," అంది. మైకు అక్కడే ఉంది, ఆమె గొంతు ఆఖరి వరస దాకా పోయింది. "అందుకే ఈసారి నిండు పెట్టె తెచ్చాను. లవంగాలు ఎప్పటిలాగే రెండు."

ఇన్‌స్పెక్టరు ముఖం మీది నవ్వు ఇంకా చెరగలేదు, దానికి కబురు అందలేదు. "ఏంటిది? ఎవరిది?"

"మీదే బాబూ. మీ రకం ఈ ఊళ్లో ఇంకెవరు తాగుతారు? పక్కసందు కిటికీ దగ్గర రోజూ సాయంత్రం ఒకటి. రుజువని పైకెత్తి చూపించారే, ఆ పెట్టె విప్పింది మీకే."

"పిచ్చి... పిచ్చి మాటలు! కొట్టు మూశానని కక్ష మేడం, ఈవిడ..."

కమిషనరు అతని వంక చూడలేదు. ఆమె పిల్లను చూస్తోంది. పిల్ల ఆ పొట్లం తీసి విప్పింది. లవంగాలు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒకసారి, మళ్లీ ఒకసారి. రోజూ సాయంత్రం తండ్రి వంగి ముద్దు పెట్టుకున్నప్పుడు వచ్చే వాసన అది. ఆ పిల్ల పొట్లాన్ని మళ్లీ మడతల ప్రకారం మడిచి, తండ్రి ముందు పెట్టి, మెట్లు దిగి తల్లి దగ్గరకు వెళ్లిపోయింది. తల్లి అప్పటికే లేచి నిలబడి ఉంది.

ఇన్‌స్పెక్టరు కూర్చోబోయి కుర్చీ ఎక్కడుందో చూసుకోలేదు. బల్ల పట్టుకుని ఆగాడు.

మూగక్కకు నాలిక మీద తేనె రాసినట్టుంది. 'నువ్వు నోరు విప్పవు కదా' అన్న నవ్వుకు ఇది నవ్వు. ఆమె జనం వైపు తిరిగింది. వీధివాళ్లు ఎవరైనా చప్పట్లు కొడతారనుకుంది. ఎవరూ కొట్టలేదు. దర్జీ తన బూట్లు చూసుకుంటున్నాడు. ఆమె కళ్లు మాస్టారి మీద ఆగాయి, కేవలం నవ్వుదామనే. మాస్టారు ఉలిక్కిపడి, భార్య చెయ్యి పట్టుకుని, గొడుగు కుర్చీ దగ్గరే వదిలేసి గబగబా బయటికి నడిచారు.

*

సోమవారం సీలు విప్పారు. ఇన్‌స్పెక్టరును సెలవు మీద పంపారట. కొత్తాయన వచ్చి, ముభావంగా, పురికొస కోసి లక్క పగలగొట్టాడు. కొన్నవాడే పట్టుకుంటే కేసు నిలవదని కమిషనరు రాసిందట. విడిగా అమ్మబడవు అన్న బోర్డు ఒకటి మాత్రం కట్టించాడు.

మూగక్క నేల ఊడ్చింది. తలుపు అంచున గట్టిపడ్డ రెండు లక్కచుక్కలను గోటితో గీకింది, ఊడలేదు. పెట్టెలన్నీ తుడిచి, నల్లవి ఒక వరస, ఎర్రవి ఒక వరస పేర్చింది. ఇంటికి వచ్చేవాళ్లకు పెట్టినంత శ్రద్ధగా లవంగాల సీసా నింపి పెట్టింది. గెలిచి వచ్చిన మనిషిలా బల్ల వెనక కూర్చుంది.

పొద్దున్న ఎవరూ రాలేదు. ఇంకా తెలిసి ఉండదనుకుంది. పదకొండింటి వేళ దర్జీ వచ్చాడు. ఆమె చెయ్యి అలవాటుగా ఎర్రపెట్టె మీదకు వెళ్లింది.

"అగ్గిపెట్టె!" అన్నాడు దర్జీ, వీధి చివరికి వినపడేలా. "ఇంట్లో పొయ్యికి! పొయ్యికి అగ్గిపెట్టె ఒక్కటి!"

"అదేంటయ్యా, అలా అరుస్తావు? చెవుడా నాకు?"

దర్జీ తల ఎత్తలేదు. అగ్గిపెట్టె తీసుకుని, దాన్ని అందరికీ కనపడేలా చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం మూల మీది పెద్ద కొట్టు ముందు సంగీతం మాస్టారు కనపడ్డారు. గల్లా కుర్రాడు ఏదో అరిచాడు. పక్కన ఆడవాళ్లు నవ్వారు. మాస్టారు సిగ్గుతో ముడుచుకుపోతూనే చెయ్యి చాచి నల్లపెట్టె అందుకున్నారు. ఇటువైపు చూసి, చూడనట్టు తల తిప్పుకుని, చుట్టూ తిరిగి వెనక వీధిలోంచి ఇంటికి వెళ్లారు. మూగక్కకు మొదట కోపం వచ్చింది. కాసేపటికి ఆ కోపం ఎవరి మీదో తేల్చుకోలేక ఊరుకుంది.

సాయంత్రం పక్కసందు కిటికీ దగ్గరకు కుర్చీ జరుపుకుని కూర్చుంది. రోజూ ఆ వేళకు గోటి చప్పుళ్లు ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. ఇవాళ కుళాయి చుక్కలు పడుతున్న చప్పుడొక్కటే వినపడింది. మీటింగులో తాను మాట్లాడింది ఇన్‌స్పెక్టరుతో కాదని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆ హాల్లో కూర్చున్న ప్రతి మగవాడితోనూ మాట్లాడింది.

దీపాలు పెట్టే వేళకు ముందు గుమ్మం వైపు చెప్పుల చప్పుడైంది. గబుక్కున వెళ్లి చూసింది. సంగీతం మాస్టారి భార్య. ఆవిడ ఆ కొట్టు మెట్టెక్కడం అదే మొదటిసారి.

"ఏం కావాలండీ?" అంది మూగక్క.

ఆవిడ పెట్టెల వరసలు చూసింది. ఎర్రవి, నల్లవి. "కొనడానికి రాలేదు వదినా," అంది మెల్లగా. "అడగడానికి వచ్చాను. మా ఆయన కూడానా?"

"ఏంటమ్మా?"

"ఆ ఇన్‌స్పెక్టరుగారి సంగతి చెప్పావుగా. పాపం ఆవిడ ఎంత అమాయకంగా నమ్మింది! రెండు రాత్రుల నుంచి నాకు నిద్ర లేదు. చెప్పు వదినా, ఏమీ అనుకోను. మా ఆయన కొంటాడా?"

కొట్టు మర్యాద ఏం చెప్పమంటుందో మూగక్కకు తెలుసు. ఎన్నో ఏళ్లుగా ఎందరితోనో చెప్పిన మాటే అది.

"నాకు తెలియదమ్మా. ఎవరు ఏం కొంటారో నాకు గుర్తుండదు."

"ఇన్‌స్పెక్టరుగారిది గుర్తుందిగా."

"అది వేరమ్మా... అతను నా కొట్టు..."

"కొనడని చెప్పు, పోనీ. ఆ ఒక్క మాట చెప్పు, వెళ్లిపోతా."

మూగక్క నోరు తెరిచింది. కొనడు అంటే రేపు దర్జీ పెళ్లాం వస్తుంది, ఆవిడకూ కొనడనే చెప్పాలి, ఎల్లుండి ఇంకొకావిడ. ఎవరు నమ్ముతారు? నోరు మూసుకుంది. అదే నోరు, ఇన్నాళ్లూ వీధి మొత్తాన్నీ దాచిన నోరు.

మాస్టారి భార్య కాసేపు చూసింది. "సరే వదినా," అంది. "అర్థమైంది." ఏడవలేదు. మెట్టు దిగి, చెప్పులు వేసుకుని, ఇంటివైపు వడివడిగా నడిచింది. దారిలో దర్జీ గుమ్మం ముందు ఆగి, లోపల ఉన్న ఎవరితోనో రెండు మాటలు మాట్లాడి మళ్లీ నడిచింది.

మూగక్క బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయింది. వెనక గదిలో మంచం కిర్రుమంది. అత్తగారు మోచేతి మీద లేచినట్టుంది.

"ఎవరే వచ్చింది?" అంది అత్తగారు.

ఆ ప్రశ్న ఆ ఇంట్లో మొదటిసారి వినపడింది. మూగక్క రెండు చేతులూ ఎత్తి రేకు తలుపు పట్టుకుని, తానే కిందికి లాగింది.